ఫ్రీలాన్సర్‌కి పని సాగే చోటు: ఎలా వెతకాలి, ఎలా పరీక్షించాలి

ఫ్రీలాన్సింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది క్లయింట్ల గురించి, రేట్ల గురించి. ఎక్కడ కూర్చుని పనిచేయాలన్నది దాదాపు ఎవరూ అడగరు. ఏదో ఒక మూల లాప్‌టాప్ పెట్టుకుంటే చాలనుకుంటారు. ఆఫీసులో పనిచేసేవాళ్లకి కుర్చీ, వెలుతురు, నెట్ లాంటివన్నీ ఇంకెవరో చూసిపెడతారు. మనకి ఆ ఇంకెవరో లేరు. చోటు కుదరకపోతే రోజంతా కూర్చున్నా పని తెమలదు, పోయిన గంటలకి బిల్లు వేయలేం. అందుకే చోటు వెతుక్కోవడం కూడా నా దృష్టిలో పనే. దానికి కొంత సమయం పెట్టినా నష్టం లేదు.

వెతకడం మొదలుపెట్టే ముందు మీ పనిని విడదీసి చూసుకోండి. నేను సబ్‌టైటిల్స్ చేస్తాను. బయటివాళ్లకి అది ఒకే పనిలా కనిపిస్తుంది గానీ అందులో మూడు రకాలున్నాయి. మొదటిది టైమింగ్. పాత్ర మాట మొదలుపెట్టిన ఫ్రేమ్ దగ్గరే అక్షరాలు తెరమీదికి రావాలి. సెకనుకి 24 ఫ్రేములుండే వీడియోలో ఒక్కో ఫ్రేమ్ నిడివి దాదాపు 42 మిల్లీసెకన్లు. నాలుగైదు ఫ్రేములు అటూ ఇటూ అయితే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో చిరాగ్గా ఉంటుంది. మాటకి ముందు పీల్చిన ఊపిరి ఎక్కడ ఆగింది, మొదటి అక్షరం ఎక్కడ మొదలైంది అన్నది చెవితో పట్టుకోవాలి. పక్కన ఎవరైనా చెంచా కింద పడేసినా మళ్లీ వెనక్కి వెళ్లి వినాల్సిందే. రెండోది అనువాదం, దిద్దుబాటు. ఇందులో చెవికి పెద్దగా పనిలేదు, మనసులో మాత్రం వాక్యం తిరుగుతూ ఉండాలి. మూడోది మెయిళ్లు, ఇన్‌వాయిస్‌లు, ఫైళ్లకి పేర్లు పెట్టడం, క్లయింట్‌తో కాల్స్.

ఈ మూడింటికీ ఒకే చోటు సరిపోవాలని పట్టుబట్టడం వల్లే చాలామందికి ఏ చోటూ నచ్చదు. ముందు పనిని చూసి, ఆ తర్వాత దానికి చోటు చూడాలి. మీరు డిజైనరైనా, కోడ్ రాసేవాళ్లైనా, లెక్కలు చూసేవాళ్లైనా మిమ్మల్ని మీరు అడగాల్సినవి ఇవే: ఈ పనికి చెవులు కావాలా? నేను మాట్లాడాలా? మనసులో మాటలు కూర్చుకోవాలా? లేక చేతులు ఆడితే చాలా? చేతులు ఆడితే చాలు అనే పనికి ఎక్కడ కూర్చున్నా ఒకటే. చెవులు, మాటలు కావాల్సిన పనికే అసలు వెతుకులాట.

ఒక వారంపాటు చిన్న పుస్తకంలో రాసుకోండి. ఎక్కడ కూర్చున్నారు, ఏ పని చేశారు, ఎంత పూర్తయింది, మధ్యలో ఎందుకు లేచారు. ఆ చోటు హాయిగా ఉందా లేదా అన్నది వేరే సంగతి. కొన్ని చోట్లు చాలా బాగుంటాయి, అక్కడ పని మాత్రం జరగదు. సోఫా అలాంటిదే. పూర్తయిన పని పక్కన చోటు పేరు రాసి ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

చోటుని అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేసేది శబ్దం. ఫ్యాన్ తిరగడం, వాన పడటం, దూరంగా ట్రాఫిక్ లాంటి ఒకే తీరుగా సాగే చప్పుళ్లకి కాసేపట్లో అలవాటు పడిపోతాం. మనిషి మాట అలా కాదు. 1976లో హెర్బర్ట్ కోల్, అలన్ వెల్ష్ అనే మనస్తత్వ పరిశోధకులు కొంతమందికి అక్షరాల వరుసలు చూపించి గుర్తుపెట్టుకోమన్నారు. అదే సమయంలో వాళ్లకి రాని భాషలో ఎవరో చదువుతున్న రికార్డింగ్ వినిపించారు. అర్థం కాని భాషే అయినా తప్పులు పెరిగాయి. 2010లో లారెన్ ఎంబర్సన్ బృందం చేసిన ప్రయోగం మన పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఇద్దరి సంభాషణ మొత్తం వినిపించినప్పటికన్నా, ఫోన్‌లో ఒకరి మాటలే వినిపించినప్పుడు దృష్టి ఎక్కువగా చెదురుతుందని తేలింది. అవతలివాళ్లు ఏమన్నారో ఊహించే పనిలో మన మెదడు పడిపోతుంది, మనం వద్దనుకున్నా సరే.

కాబట్టి ఓ చోటు గోలగా ఉందా ప్రశాంతంగా ఉందా అని మాత్రమే చూస్తే లాభం లేదు. చుట్టూ ఎవరి మాటైనా విడిగా అర్థమవుతోందా అన్నది చూడాలి. యాభైమంది మాట్లాడుతున్న హాల్లో మాటలన్నీ కలిసిపోయి ఒకే హోరు అవుతుంది, అందులో పని సాగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరు ఫోన్‌లో మాట్లాడుతుంటే అస్సలు సాగదు. కొత్త చోటికి వెళ్లినప్పుడు లాప్‌టాప్ తెరవకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. తర్వాత, ఫోన్ వస్తే జనం లేచి ఎటు వెళ్తున్నారో గమనించండి. సాధారణంగా తలుపు దగ్గరికో, మెట్ల మలుపుకో, కిటికీ మూలకో వెళ్తారు. ఆ చుట్టుపక్కల కూర్చోకండి. కిటికీ మూల చూడ్డానికి ఎంత బాగున్నా సరే.

ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌లుంటాయి. కచ్చితంగా చెప్పకపోయినా రెండు చోట్లని పోల్చుకోవడానికి పనికొస్తాయి. నిశ్శబ్దంగా ఉండే లైబ్రరీ 40 డెసిబెల్స్ దగ్గర, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే 60 దగ్గర చూపిస్తుంది. 2012లో రవి మెహతా, మరో ఇద్దరు పరిశోధకులు ఆలోచనలు పుట్టించే పనుల మీద ప్రయోగాలు చేశారు. 50 డెసిబెల్స్ కన్నా 70 దగ్గర జనానికి కొత్త ఆలోచనలు బాగా తట్టాయి, 85కి చేరేసరికి దెబ్బతిన్నాయి. ఈ ఫలితాన్ని పట్టుకుని అన్ని పనులకీ కాఫీ షాపే మంచిదని చెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. అది ఆలోచనలు రాబట్టే పనుల సంగతి. నేను కూడా ఒక పాటకి లైన్లు కుదరనప్పుడు జనంలోకి వెళ్తాను, టైమింగ్ ఫైల్ మాత్రం తీసుకెళ్లను.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కొనేముందు ఒకటి తెలుసుకోండి. అవి బాగా తగ్గించేది ఏసీ, ఇంజన్ లాంటి లోతైన, నిలకడైన హోరుని. మనిషి గొంతుని అంత బాగా ఆపలేవు. మాటలే మీ సమస్య అయితే చెవుల్లో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, లేదా హెడ్‌ఫోన్లలో సన్నగా వాన చప్పుడు పెట్టుకోండి. మాటల అంచులు అందులో కలిసిపోతాయి. పాటలు వింటూ రాయగలిగేవాళ్లున్నారు గానీ, మాటలతో పనిచేసేవాళ్లు సాహిత్యం లేని సంగీతం వింటేనే మేలు.

ఇక ఇల్లు. చాలామందికి మొదటి చోటూ ఇదే, చివరికి మిగిలేదీ ఇదే. విడిగా గది ఉంటే మంచిదే. లేకపోయినా పనికి మాత్రమే వాడే ఒక బల్ల ఉండాలి, చిన్నదైనా ఫర్వాలేదు. మంచం మీద పనిచేయకండి. నిద్రపట్టనివాళ్లకి వైద్యులు ఇప్పటికీ చెప్పే ఒక పద్ధతిని మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించాడు. మంచం నిద్రకే వాడాలి, నిద్ర రాకపోతే లేచి వేరే చోటికి వెళ్లాలి అన్నది అందులో ముఖ్యమైన నియమం. మంచం మీద డెడ్‌లైన్ల టెన్షన్ పడితే రాత్రి అదే మంచం మీద ఆ టెన్షనే గుర్తొస్తుంది. పగలు పనీ చెడుతుంది, రాత్రి నిద్రా చెడుతుంది.

బల్లని ఎటు తిప్పి పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కిటికీ మీకు పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే వెలుతురు కళ్లలో పడుతుంది, వెనకుంటే స్క్రీన్ మీద మెరుస్తుంది. ఇంట్లోవాళ్లు తిరిగే దారి కంటికి కనబడకుండా కూర్చోండి, ఎవరు కదిలినా చూపు అటే పోతుంది. రచయిత్రి మాయా ఏంజెలో సొంతిల్లు ఉండగా రాయడానికి విడిగా హోటల్ గది అద్దెకి తీసుకునేది. ఆ గది గోడలకున్న బొమ్మలన్నీ తీయించేసేది. హోటల్ గది అందరికీ కుదరదు, ఎదురుగా ఉన్న గోడని ఖాళీ చేసుకోవడం ఎవరికైనా కుదురుతుంది. నా బల్ల ముందు గోడకి క్యాలెండర్ కూడా లేదు.

ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోకుండా ఇంట్లో పని జరగదు. "నన్ను కదిలించకండి" అని చెబితే ఎవరికీ అర్థం కాదు, పైగా నొచ్చుకుంటారు. టైము చెప్పండి. "పదకొండున్నర దాకా బల్ల దగ్గరుంటాను, తర్వాత అరగంట ఖాళీ" అంటే చిన్నపిల్లలు కూడా ఆగుతారు, ఎందుకంటే ఎప్పటిదాకా ఆగాలో తెలుసు. చెప్పిన టైముకి నిజంగానే లేవాలి, అది మాత్రం తప్పకూడదు. ఒకటి రెండుసార్లు మాట తప్పితే మళ్లీ తొమ్మిదింటికే తలుపు తడతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. మేం ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నాం: నా చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లుంటే అత్యవసరమైతేనే పిలవాలి, మెడలో వేలాడుతుంటే ఏమైనా అడగొచ్చు. మాటలకన్నా ఈ గుర్తే ఎక్కువ పనిచేసింది.

తలుపు మూసుకుని పనిచేసేవాళ్లు గాలి సంగతి మరిచిపోతారు. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) దరిదాపుల్లో ఉంటుంది. తలుపులూ కిటికీలూ మూసిన చిన్న గదిలో మన ఊపిరితోనే అది వెయ్యి దాటిపోతుంది. గది గాలిలో అది వెయ్యి దాటకూడదని జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే చెప్పాడు. 2012లో ఉషా సతీష్ బృందం చేసిన ప్రయోగంలో 600 పీపీఎంతో పోలిస్తే 1000 దగ్గర నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం కొంత, 2500 దగ్గర బాగా తగ్గింది. మధ్యాహ్నం మూడింటికి తల బరువెక్కితే వేడివేడిగా ఏదో తాగేముందు ఓసారి కిటికీ తెరిచి చూడండి. రెండు గంటలకోసారి పది నిమిషాలు తెరిచి ఉంచితే చాలా తేడా తెలుస్తుంది.

బల్ల, కుర్చీ గురించి తక్కువలో చెబుతాను, ఎందుకంటే పాటించాల్సినవి కొన్నే. పాదాలు నేలకి ఆనాలి. మోచేతులు బల్ల ఎత్తుకి రావాలి. స్క్రీన్ పై అంచు కళ్లకి సమంగా, చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. లాప్‌టాప్‌తో ఇవన్నీ ఒకేసారి కుదరవు, ఎందుకంటే దాని స్క్రీన్, కీబోర్డ్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. స్టాండ్ మీదకో, నాలుగు లావుపాటి పుస్తకాల మీదకో ఎత్తి, కీబోర్డ్ విడిగా పెట్టుకోండి. ఈ వృత్తిలో డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువేదని ఎవరైనా అడిగితే నేను కుర్చీ అనే చెబుతాను, కొత్త లాప్‌టాప్ తర్వాత సంగతి. వెలుతురు విషయానికొస్తే, చదివి రాసే ఆఫీసు పనికి బల్ల మీద 500 లక్స్ (వెలుతురుకి కొలత) ఉండాలని యూరోపియన్ ప్రమాణం చెబుతోంది. ఇంట్లో గది మధ్యలో ఒక్క లైటుంటే సాధారణంగా అంత రాదు. అందుకని బల్ల మీద ఒక దీపం పెట్టుకోండి.

నెట్ విషయంలో అందరూ డౌన్‌లోడ్ స్పీడ్ చూసి సంతోషపడతారు. మన పనికి అప్‌లోడే ముఖ్యం: కాల్‌లో మన ముఖం అవతలివాళ్లకి చేరాలన్నా, పూర్తయిన ఫైల్ క్లయింట్‌కి చేరాలన్నా అదే కావాలి. 1080పీ వీడియో కాల్‌కి అప్‌లోడ్ 3.8 ఎంబీపీఎస్ ఉండాలని జూమ్ చెబుతోంది. ఆ లెక్క పెద్దదేం కాదు, నిలకడగా ఉండటమే కష్టం. మీకు కాల్స్ ఎక్కువగా ఉండే టైములోనే స్పీడ్ టెస్ట్ చేయండి. తెల్లవారుజామున వచ్చిన అంకెని నమ్ముకుని సాయంత్రం మీటింగ్ పెట్టుకోకండి. రౌటర్ దూరంగా ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుకుని వస్తుంది గానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది కాబట్టి, వంటింటి పక్కన కూర్చుంటే కాల్ మధ్యలో తెగిపోవడానికి అదీ కారణం కావచ్చు. వీలుంటే కేబుల్ లాక్కోండి, ఈ గొడవలన్నీ పోతాయి. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ ఆగిపోతుంది. రౌటర్‌కని అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఆ భయం ఉండదు. ఇంటి నెట్ ఒక కంపెనీదైతే ఫోన్ సిమ్ ఇంకో కంపెనీది ఉంచుకోండి, రెండూ ఒకేసారి పోవడం అరుదు.

కాల్స్‌కి గది ఎంచుకునేటప్పుడు నేను చేసే పరీక్ష ఒకటుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. చప్పట్ల తర్వాత సన్నగా "టింగ్" మని సాగితే ఆ గదిలో మైక్ మన గొంతుని డబ్బాలోంచి వస్తున్నట్టు పంపిస్తుంది. చప్పట్లు పొడిగా ఆగిపోతే ఆ గది బాగున్నట్టే. కర్టెన్లు, పరుపు, పుస్తకాల అర ఉన్న గది దాదాపు ఎప్పుడూ ఈ పరీక్షలో నెగ్గుతుంది. అందుకే పని హాల్లో చేసుకున్నా కాల్స్ మాత్రం పడగ్గదిలో కుర్చీ వేసుకుని మాట్లాడతాను.

ఇంట్లో కుదరనివాళ్లు, రోజంతా ఒక్కరే ఉండలేనివాళ్లు బయటికి వెళ్లాలి. బయట ఎక్కడికెళ్లినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ ఫైల్ బయటివాళ్ల కంట పడొచ్చా? నా దగ్గరికొచ్చే వీడియోల్లో చాలావరకు ఇంకా విడుదల కానివి. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టాక, పక్క టేబుల్‌వాళ్లు తొంగిచూడగలిగే చోట వాటిని తెరవడం కుదరదు. ఇంకొకరి లెక్కలు, వైద్య కాగితాలు, కంపెనీ ప్లాన్లు చూసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వెనక గోడ ఉండేలా కూర్చోవడం, స్క్రీన్‌కి పక్కనుంచి చూస్తే కనబడకుండా చేసే ప్రైవసీ ఫిల్టర్ వేసుకోవడం, పబ్లిక్ వైఫైలో మన డేటాని ఇతరులు చదవకుండా దాచిపంపే వీపీఎన్ వాడటం కొంత సాయపడతాయి. ఐనా కొన్ని పనులు ఇంటి గడప దాటకూడదు, అంతే.

లైబ్రరీని మన వృత్తిలోవాళ్లు చాలా తక్కువగా వాడతారు. అక్కడ చుట్టూ అందరూ తలవంచుకుని చదువుకుంటుంటే మనకీ ఫోన్ తీయబుద్ధి కాదు. కాల్స్ మాట్లాడలేకపోవడం లోపంలా కనిపిస్తుంది గానీ, దిద్దుబాటు పనికి అదే వరం. ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి, ఎన్నింటికి మూస్తారు, పరీక్షల రోజుల్లో సీట్లు దొరుకుతాయా అన్నవి ముందే కనుక్కుంటే చాలు.

కాఫీ షాప్‌ని నేను గంటన్నర చోటుగానే చూస్తాను. రద్దీ లేని టైములో వెళ్లండి, ఇద్దరు కూర్చునే చిన్న బల్ల తీసుకోండి, ఉన్నంతసేపూ ఏదో ఒకటి కొంటూ ఉండండి, జనం పెరిగితే లేవండి. ఆ బల్ల మీదే షాపువాళ్ల జీవనం. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే లాప్‌టాప్ ఎవరికి అప్పజెప్పాలన్న ఇబ్బంది ఎలాగూ ఉంటుంది, కాబట్టి రోజంతా గడిపే చోటు కాదది.

మిగిలింది కోవర్కింగ్, అంటే వేర్వేరు పనులవాళ్లు ఫీజు కట్టి పంచుకునే ఆఫీసు. 2005లో బ్రాడ్ న్యూబర్గ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి చోటు మొదలుపెట్టినప్పుడు అతని ఉద్దేశం కూడా మనలాంటివాళ్ల అవసరమే: ఫ్రీలాన్సర్‌కి ఉండే స్వేచ్ఛ పోకుండా, పక్కన మనుషులూ ఉండాలని. ఇప్పుడున్న చాలాచోట్ల బొమ్మలు, మొక్కలు, సోఫాలు చూపించి డబ్బు కట్టించుకుంటారు. మీరు వాటిని చూడకండి. ముందు ఒక్కరోజు పాస్ తీసుకుని, వాళ్లకి బాగా రద్దీగా ఉండే రోజేదో కనుక్కుని ఆ రోజే వెళ్లండి. నిజమైన పని, అందులోనూ మీకు కష్టమైన పని పట్టుకెళ్లండి. కాల్స్ మాట్లాడుకునే ఫోన్ బూత్‌లు ఎన్ని, వాటికి డబ్బు విడిగా కట్టాలా, మధ్యాహ్నం అవి ఖాళీగా ఉంటాయా? రోజూ అదే సీటు దొరుకుతుందా? మీరు పనిచేసే వేళకి తెరిచి ఉంటుందా? మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? అక్కడ పనిచేసుకుంటున్న ఒకరిద్దరిని పలకరించి, వాళ్లు వచ్చి ఎన్నాళ్లైందో అడగండి. ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు ఒక్కరూ కనిపించకపోతే ఆలోచించండి.

నెల ఫీజుని నెలలో మీరు నిజంగా వెళ్లే గంటలతో భాగించి, వచ్చిన అంకెని మీ గంట రేటుతో పోల్చండి. ప్రయాణానికి పట్టే టైము కూడా అందులో కలపాలి. దారిలో పోయే గంట కూడా మన గంటే. ఈ లెక్క వేశాక చాలామందికి నెలంతా అక్కర్లేదని, వారానికి రెండు రోజుల ప్లాన్ చాలని తేలుతుంది. నాకూ అలాగే తేలింది. కాల్స్ అన్నీ ఆ రెండు రోజులకే సర్దుకున్నాను, టైమింగ్ పొద్దున్నే ఇంట్లో చేసుకుంటాను, దిద్దుబాటుకి లైబ్రరీకి వెళ్తాను.

మూడు చోట్ల పనిచేసేటప్పుడు ఏదో ఒకటి ఇంట్లో మరిచిపోవడంతోనే సగం పూట పోతుంది. అందుకని బ్యాగ్‌కి వేరే సామాను పెట్టేయండి: రెండో ఛార్జర్, ఎక్స్‌టెన్షన్ త్రాడు, వైరున్న ఇయర్‌ఫోన్లు, ఇయర్‌ప్లగ్స్, మడత స్టాండ్. ఇంటికొచ్చాక వాటిని బయటికి తీయకండి. ఇంట్లో వాడే ఛార్జర్ బల్ల దగ్గరే ఉంటుంది, బ్యాగ్‌లోది బ్యాగ్‌లోనే ఉంటుంది.